మీ తుపాకీకి ఏ పౌడర్? ముందు నిప్పు దారి చూడండి

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. పెన్సిల్వేనియాలో హ్యారిస్‌బర్గ్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్‌కార్డ్ వచ్చి రెండేళ్లయింది, పోయిన ఏడాది హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాను. మా పక్కింటి పెద్దాయన తన పాత, మూతిలోంచి పౌడర్, గుండు దట్టించే .50 క్యాలిబర్ మజిల్‌లోడర్ రైఫిల్ నాకు ఇచ్చారు. పక్కన సుత్తి ఉండి, నంబర్ 11 క్యాప్ పెట్టి పేల్చే రకం. షాపులో పౌడర్ అడిగితే కౌంటర్ దగ్గరున్న అబ్బాయి ‘బ్లాక్‌హార్న్ 209 తీసుకోండి, అన్నిటికన్నా మంచిది, తుప్పు పట్టించదు’ అన్నాడు. రేటు ఎక్కువైనా కొన్నాను. రేంజ్‌లో రెండుసార్లు దట్టించాను. మొదటిసారి మూడు క్యాప్‌లు పట్టాయి. మూడోది టప్పుమన్నాక ఓ క్షణం ఆగి తుపాకీ పేలింది. రెండోసారి ఎన్ని క్యాప్‌లు మార్చినా పేలలేదు. పక్క లేన్‌లో ఉన్న ఒకాయన సీఓ2 పరికరంతో ఆ గుండును బయటికి తోసి ఇచ్చారు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, పెల్లెట్లు, అసలు బ్లాక్ పౌడర్... వీటిలో నాకు ఏది సరిపోతుంది? క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే ఉండే ఫ్లింట్‌లాక్ సీజన్‌కు రమ్మని, తన ఇంకో తుపాకీ ఇస్తానని పెద్దాయన అంటున్నారు. దానికీ ఇదే పౌడర్ పనికొస్తుందా? మాకు ఆరేళ్ల పాప ఉంది. ఇంట్లో ఈ డబ్బా పెట్టడమంటేనే మా ఆవిడకు టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ‘ఓ క్షణం ఆగి పేలింది’ అన్న మాట. పౌడర్ ఎంపిక తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి. దీన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. క్యాప్ నిప్పు లోపలికి చేరింది గానీ పౌడర్ వెంటనే అంటుకోలేదు. కాసేపు రాజుకుని, తర్వాత ఒక్కసారిగా పేలింది. ఆ మధ్యలో ‘ఏమైంది దీనికి?’ అని తుపాకీ దించినా, మూతి పక్కకు తిప్పినా, గొట్టంలోకి తొంగి చూసినా ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తుంది. ఇకమీదట క్యాప్ టప్పుమని తుపాకీ పేలకపోతే, మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం రెండు నిమిషాలు కదలకండి. మనసులో నూట ఇరవై లెక్కపెట్టండి. ఆ తర్వాతే కొత్త క్యాప్ పెట్టండి. అప్పటికీ పేలకపోతే, మళ్లీ అంతసేపు ఆగాక, ఆ పక్క లేన్ ఆయన చేసినట్టు సీఓ2తో బయటికి తోయించడమే సరైన పద్ధతి. ఆయనకు నా తరఫున కూడా కృతజ్ఞతలు చెప్పండి.

బహుశా మీ తుపాకీలో లోపం లేదు, పౌడర్‌లోనూ లోపం లేదు. ఆ రెండింటికీ పడదు, అంతే. షాపులో చాలామంది ‘ఏ పౌడర్ మంచిది?’ అని అడుగుతారు. అడగాల్సింది ‘నా తుపాకీలో నిప్పు ఎంత పెద్దది, ఎంత దూరం ప్రయాణం చేయాలి?’ అని. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే పౌడర్ దానంతటదే తేలిపోతుంది. రేటు, డబ్బా మీద మాటలు, పక్కవాడి సలహా అన్నీ దాని తర్వాతే.

ఒక చిన్న మాట. తెలుగులో తుపాకిమందు అనే చక్కటి మాట ఉంది. కానీ బ్లాక్ పౌడర్‌ని ‘నల్లమందు’ అని రాస్తే మనవాళ్లకు ఓపియం గుర్తొస్తుంది. అందుకే పౌడర్ అనే రాస్తున్నాను. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు తుపాకిమందే ఈ బ్లాక్ పౌడర్. దాని బదులు వాడేవాటిని ఇక్కడ సబ్‌స్టిట్యూట్‌లు అంటారు.

ఇప్పుడు నిప్పు దారి. మజిల్‌లోడర్లలో నిప్పు పుట్టించే పద్ధతులు ఈ రోజుల్లో ముఖ్యంగా మూడు. పాతది చెకుముకి రాయిది. సుత్తికి బిగించిన రాయి ఉక్కు పలకను గీరితే రవ్వలు రాలి, చిన్న గిన్నెలో పోసిన పొడి మీద పడతాయి. ఆ పొడినే మన పెద్దలు రంజకం అనేవారు. అది భగ్గుమని, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రం గుండా లోపలికి పోవాలి. రెండోది మీ తుపాకీలోది. నిపుల్ అనే రంధ్రమున్న చిన్న ముక్క మీద చిన్న రాగి టోపీలాంటి క్యాప్ పెడితే సుత్తి దాన్ని కొడుతుంది. మంట చిన్నదే. పైగా మీది సుత్తి పక్కన ఉండే సైడ్‌లాక్ కాబట్టి ఆ మంట నిపుల్‌లోంచి దిగి, మలుపు తిరిగి, సన్నటి దారిలో పౌడర్ దాకా నడవాలి. మూడోది ఈ కాలపు ఇన్‌లైన్. అందులో షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) సరిగ్గా పౌడర్ వెనకే కూర్చుంటుంది. మంట పెద్దది, దారి నేరుగా ఉంటుంది.

బ్లాక్‌హార్న్ 209 పేరులోని అంకె ఆ ప్రైమర్‌దే. 2008లో మోంటానాలోని వెస్టర్న్ పౌడర్స్ సంస్థ తెచ్చిన పౌడర్ ఇది. తర్వాత ఆ సంస్థ, మరో పౌడర్ కంపెనీ అయిన హాడ్జ్‌డన్ చేతికి వచ్చింది. సబ్‌స్టిట్యూట్ అని అమ్ముతారు గానీ దీని పునాది నైట్రోసెల్యులోజ్. అందుకే మసి తక్కువ, గాలిలో తేమను పెద్దగా పీల్చదు, వరసగా ఎన్నోసార్లు కాల్చినా గొట్టం తుడవకుండా గుండు దిగుతుంది. ఇన్‌లైన్ ఉన్నవాళ్లు దీన్ని మెచ్చుకుంటారంటే అందులో అతిశయోక్తి లేదు. కానీ అది అంటుకోవడానికి గట్టి మంట కావాలి. ఇన్‌లైన్‌లో కూడా మజిల్‌లోడర్ల కోసం ప్రత్యేకంగా చేసే మెత్తటి 209 ప్రైమర్లతో కొన్నిసార్లు మొరాయిస్తుంది. వేడి ఎక్కువగా ఉండే మామూలు షాట్‌గన్ ప్రైమర్లే వాడమంటారు. అలాంటిదాన్ని నంబర్ 11 క్యాప్‌తో, మలుపు తిరిగిన దారిలో అంటించడం అంటే తడి కట్టెల పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించాలని చూడడమే. మీకు మూడు క్యాప్‌లు పట్టింది అందుకే. కౌంటర్ దగ్గరి అబ్బాయి మీ తుపాకీ ఏ రకమో అడగకుండా జవాబిచ్చాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీకు డబ్బూ మిగిలేది, ఆ భయమూ తప్పేది.

కొన్న డబ్బాను అలాగే మూతపెట్టి ఉంచండి. ఇన్‌లైన్ ఉన్న మిత్రుడెవరైనా ఉంటే, సీసా మార్చకుండా, లేబుల్‌తో సహా ఆయనకు ఇచ్చేయండి. కింద కాస్త బ్లాక్ పౌడర్ పోసి పైన ఇది పోస్తే అంటుకుంటుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు రకాల పౌడర్లు కలపడం నేను చేయను, ఎవరినీ చేయనివ్వను.

దీనితోపాటు ఇంకో హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. బ్లాక్‌హార్న్ చూడటానికి స్మోక్‌లెస్ పౌడర్‌లాగే ఉంటుంది. ‘ఇది వాడొచ్చంటే ఆధునిక తూటాల్లో పోసే స్మోక్‌లెస్ కూడా కొంచెం వాడొచ్చేమో’ అనే ఆలోచన ఎవరికైనా రావచ్చు. వద్దు, ఒక్క గ్రెయిన్ కూడా వద్దు. స్మోక్‌లెస్ పుట్టించే ఒత్తిడి ముందు మీ రైఫిల్ గొట్టం నిలబడదు, చీలిపోతుంది. చేతివేళ్లు, కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. స్మోక్‌లెస్ కోసమే తయారుచేసిన మజిల్‌లోడర్లు కొన్ని ఉన్నాయి, సావేజ్ 10ఎంఎల్-2 లాంటివి. అది వేరే దారి. పెద్దాయన ఇచ్చిన తుపాకీ ఆ కోవలోది కాదు.

ఇక మీకు పనికొచ్చేవాటికి వద్దాం.

మీ సైడ్‌లాక్‌కు సబ్‌స్టిట్యూట్‌లలో నేను మొదట చెప్పేది పైరోడెక్స్ ఆర్‌ఎస్. ఆర్‌ఎస్ అంటే రైఫిల్, షాట్‌గన్ అని అర్థం. పిస్టళ్లకు పైరోడెక్స్ పి అని ఇంకా సన్నటి గింజది వేరే ఉంది. పైరోడెక్స్‌లోనూ సూరేకారం, బొగ్గు, గంధకం ఉన్నాయి. వాటికి తోడు పొటాషియం పెర్‌క్లోరేట్ లాంటివి కలుస్తాయి. దీన్ని కనిపెట్టిన డాన్ పాలక్ 1977లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఇసాక్వాలో, తన ప్లాంటులో జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు. ఆ తర్వాత హాడ్జ్‌డన్ సంస్థ దాన్ని దేశమంతటికీ చేర్చింది. ‘సబ్‌స్టిట్యూట్ కదా, అసలు దానంత ప్రమాదం కాదులే’ అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు. రవాణాలో, నిల్వలో బ్లాక్ పౌడర్ కన్నా తక్కువ ప్రమాదం అన్నది నిజమే. కానీ గొట్టంలో దట్టించాక ఏదైనా ఒకటే.

పైరోడెక్స్ కూడా బ్లాక్ పౌడర్ కన్నా కాస్త ఎక్కువ వేడికే అంటుకుంటుంది. కాబట్టి మ్యాగ్నమ్ అని రాసి ఉన్న నంబర్ 11 క్యాప్‌లు కొనండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే నిపుల్ మార్చి, పెద్ద సైజు మస్కెట్ క్యాప్ పట్టే నిపుల్ వేయించుకోవచ్చు. దాని మంట బాగా పెద్దది. అది చిన్న పనే, తుపాకీ రూపం పెద్దగా మారదు.

ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన రాదు, నీళ్లతోనే సులువుగా కడుక్కోవచ్చు. అందుకే దాన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువ. నేనూ కొన్నేళ్లు వాడాను. అయితే అది ఘాటైన పౌడర్. అదే కొలతకు బ్లాక్ పౌడర్ కన్నా దాదాపు 15 శాతం ఎక్కువ బలం ఇస్తుంది కాబట్టి కొలత అంత తగ్గించాలి. మీ లోడ్ (ఒక్క షాట్‌కు పోసే పౌడర్) 80 గ్రెయిన్లు అనుకుంటే ఇది 68 పోయాలి. దీనితో ఇంకో చిక్కు ఉంది. పౌడర్ ఉన్నచోటికి కాస్త పైన గొట్టంలో గట్టిగా ఒక రింగులా మసి కడుతుంది. రెండో గుండు దిగేటప్పుడు అక్కడ ఆగిపోతుంది. ఆగినచోటే వదిలేస్తే పౌడర్‌కీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది, అది గొట్టానికే ముప్పు. ప్రతి షాట్ తర్వాత తడి గుడ్డముక్కతో ఒకసారి, పొడిదానితో ఒకసారి తుడవాలి. కొత్తలో ఇన్ని గుర్తుపెట్టుకోవడం కష్టం. అందుకే మీకు మొదటి పౌడర్‌గా దీన్ని చెప్పడం లేదు.

పెల్లెట్లు వద్దు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కొలిచే పని ఉండదు. కానీ అవి ఇన్‌లైన్‌ల కోసం, 209 ప్రైమర్ మంట కోసం చేసినవి. మీ తుపాకీలో నిప్పు పక్కనుంచి వస్తుంది. గట్టిగా ఉండ కట్టిన పెల్లెట్‌ను ఆ సన్నటి మంట అంటించలేక మళ్లీ అదే టప్పు, అదే నిశ్శబ్దం. ఇంకో సంగతి, కొలరాడో, ఐడహో లాంటి చోట్ల మజిల్‌లోడర్ సీజన్‌లో పెల్లెట్లకు అనుమతే లేదు, విడి పౌడర్ మాత్రమే వాడాలి. వేరే రాష్ట్రానికి వెళ్లేముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం చదవడం తప్పనిసరి. అలా వెళ్లేటప్పుడు పౌడర్ వెంట తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా చేయకండి. బ్లాక్ పౌడర్ గానీ పైరోడెక్స్ గానీ విమానంలో చేతిసంచిలోనూ కుదరదు, చెక్-ఇన్ లగేజీలోనూ కుదరదు. అక్కడికి చేరాకే కొనుక్కోవాలి.

పౌడర్ కొలవడం గురించి కాస్త ఆగి చెప్తాను. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. గ్రెయిన్ అంటే బరువు. ఒక పౌండుకు 7,000. మజిల్‌లోడర్ల దగ్గర మాత్రం ‘80 గ్రెయిన్లు’ అంటే 80 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ పట్టే పాత్ర నిండా అని అర్థం. మన ఇళ్లలో తవ్వతోనో సోలతోనో బియ్యం కొలిచినట్టు, ఇక్కడ ఇత్తడి గొట్టంలాంటి కొలపాత్ర ఉంటుంది. పైరోడెక్స్ ఆ పాత్ర నిండా పోస్తే, దాని బరువు బ్లాక్ పౌడర్ కన్నా దాదాపు 30 శాతం తక్కువ ఉంటుంది. బలం మాత్రం సమానం. అది తెలియక డిజిటల్ కాటా మీద 80 గ్రెయిన్ల పైరోడెక్స్ తూచి పోస్తే, మీరు నిజానికి 110కి పైగా పోసినట్టు. కాటా అక్కర్లేదు. కొలపాత్ర కొనండి, పౌడర్‌ను అందులోకి పోసి, పాత్రలోంచే గొట్టంలోకి వంచండి. డబ్బాతోగానీ ఫ్లాస్క్‌తోగానీ నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకండి. లోపల ముందటి షాట్ తాలూకు నిప్పురవ్వ మిగిలి ఉంటే, మీ చేతిలో ఉన్నది పౌండు పౌడర్.

ఎంత పోయాలన్నది తుపాకీ తయారీదారు చెప్పాలి. మీ గొట్టం మీద పేరు, మోడల్ చెక్కి ఉంటాయి. దాని మాన్యువల్ సంపాదించి, అందులో చెప్పిన అతి తక్కువ లోడ్‌తో మొదలుపెట్టండి. గుడ్డ చుట్టిన సీసపు గుండుతో, .50 క్యాలిబర్ రైఫిళ్లలో 60 నుంచి 80 గ్రెయిన్ల మధ్య లోడ్‌తో వంద గజాల లోపు జింకను కొట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. మ్యాగ్నమ్ లోడ్‌ల మోజులో పడకండి. గుండు దిగాక, దాన్ని దించే కడ్డీ అయిన ర్యామ్‌రాడ్ మీద, గొట్టం అంచు దగ్గర ఒక గీత పెట్టుకోండి. ప్రతిసారీ ఆ గీత అదే చోటికి వస్తే గుండు పౌడర్ మీద కూర్చున్నట్టు. గీత పైన ఆగిందంటే దిగలేదన్నమాట.

ఇక పెద్దాయన పిలుపు. మీరు పెన్సిల్వేనియాలో ఉండటం ఎంత అదృష్టమో ఇక్కడే తెలుస్తుంది. 1974 నుంచి ఈ రాష్ట్రంలో చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా ఒక సీజన్ ఉంది. క్రిస్మస్ మర్నాడు, మంచులో, ఊరంతా పండగ బడలికలో ఉన్నప్పుడు మొదలవుతుంది. అక్టోబరులో వచ్చే మజిల్‌లోడర్ వారంలో మీ క్యాప్ తుపాకీ చెల్లుతుంది, దీనికి మాత్రం చెల్లదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గిన్నెలో రంజకం తడవకుండా తొడుగు కప్పుకుని నాలుగు గంటలు కూర్చున్నాను. ఒక్క గుండూ పేల్చలేదు. ఆ ఉదయం మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆయన పిలిచినప్పుడు తప్పకుండా వెళ్లండి.

కానీ ఆ తుపాకీలో ఏ సబ్‌స్టిట్యూటూ పనిచేయదు. చట్టం సంగతి అలా ఉంచండి, రాయి రాల్చే రవ్వకు అంత వేడి లేదు. రంజకపు గిన్నెలో పైరోడెక్స్ పోస్తే రవ్వలు పడి ఆరిపోతాయి. నిజమైన బ్లాక్ పౌడర్ మాత్రమే అంత చిన్న రవ్వకు భగ్గుమంటుంది. దానికి గింజ పరిమాణాన్ని బట్టి ఎఫ్ అక్షరాలు ఉంటాయి. ఎఫ్‌లు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. .50 రైఫిల్ గొట్టంలోకి సాధారణంగా రెండు ఎఫ్‌లది, గిన్నెలోకి నాలుగు ఎఫ్‌లది వాడతారు. మూడు ఎఫ్‌లది ఒక్కటే కొని గొట్టంలోకీ గిన్నెలోకీ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. గొట్టంలో కొలత మాత్రం కాస్త తగ్గిస్తారు.

ఇక్కడే మీ అసలు ప్రశ్నకు నా జవాబు. మీరు డిసెంబరులో పెద్దాయనతో వెళ్లాలనుకుంటే ఇప్పుడే నిజమైన బ్లాక్ పౌడర్ తెప్పించుకోండి. అది మీ క్యాప్ తుపాకీలోనూ బ్రహ్మాండంగా పేలుతుంది, ఆయన చెకుముకి తుపాకీలోనూ పేలుతుంది. రెండు తుపాకులకు ఒకే డబ్బా, ఒకే అలవాటు. అది చేతికి అందేలోపు అక్టోబరు వచ్చేస్తే, పైరోడెక్స్ ఆర్‌ఎస్‌తో ఆ వారం గడిపేయండి.

మామూలు షాపుల్లో అది ఎందుకు దొరకదో కూడా చెప్తాను, లేకపోతే నాలుగు షాపులు తిరిగి విసిగిపోతారు. ఫెడరల్ చట్టం ప్రకారం బ్లాక్ పౌడర్ పేలుడు పదార్థం. అమ్మేవారికి ఎక్స్‌ప్లోజివ్స్ లైసెన్స్, దానికి తగ్గ నిల్వ ఏర్పాటు ఉండాలి. అంత తలనొప్పి పడలేక చాలా షాపులు సబ్‌స్టిట్యూట్‌లు మాత్రమే పెడతాయి. కొనేవాళ్ల విషయంలో మాత్రం, పాతకాలపు తుపాకుల్లో క్రీడకో వినోదానికో వాడేందుకు 50 పౌండ్ల వరకు ఫెడరల్ మినహాయింపు ఉంది. మీకు కావలసింది ఒకటి రెండు పౌండ్లు. మజిల్‌లోడింగ్ క్లబ్బుల్లో సభ్యులు కలిసి ఆర్డర్ పెట్టి, ప్రమాదకర సరుకుల రవాణా రుసుము పంచుకుంటారు. పెద్దాయనకు అలాంటి క్లబ్బు తెలిసే ఉంటుంది. అమెరికాలో తయారయ్యే గోఎక్స్ ఒకప్పుడు మన పెన్సిల్వేనియాలోని మూసిక్‌లోనే తయారయ్యేది. తర్వాత లూసియానాలోని మిండెన్‌కు వెళ్లింది. 2021లో ఆ ప్లాంటు మూసేస్తున్నామని యజమానులు ప్రకటించగానే ఇక్కడ ఎందరో దిగులుపడ్డారు. మరుసటి ఏడాది ఎస్టెస్ సంస్థ కొనడంతో ఊపిరి పీల్చుకున్నారు. అది దొరకకపోతే స్విస్ అనే పౌడర్ ఉంది. ఖరీదైనది, గింజ చాలా శ్రేష్ఠం.

బ్లాక్ పౌడర్‌కు ఒక్కటే నిజమైన కష్టం, శుభ్రం చేయడం. కాలినదాంట్లో సగానికి పైగా ఘనపదార్థంగా గొట్టంలోనే మిగులుతుంది. అది గాలిలో తేమను లాగి ఇనుమును తినేస్తుంది. పైరోడెక్స్ ఈ విషయంలో ఇంకా చెడ్డది, పెర్‌క్లోరేట్ కాలాక మిగిలే క్లోరైడ్ ఉప్పు వల్ల. గంధకం లేదు కదా అని ట్రిపుల్ సెవెన్‌నూ వదిలేయకూడదు. నేను కొత్తలో ఒక శనివారం రేంజ్ నుంచి వచ్చి, పిల్లాడికి జ్వరమని తుపాకీని మూలన పెట్టేశాను. మరుసటి వారం తెల్లగుడ్డ లోపలికి దింపితే ఎర్రగా వచ్చింది. ఆ గొట్టంలో ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఏ పౌడర్ వాడినా ఆ సాయంత్రమే నిపుల్ విప్పండి. వేడినీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసి, గుడ్డముక్కలు తెల్లగా వచ్చేదాకా తోమండి. పూర్తిగా ఆరబెట్టి నూనె పట్టించండి. మర్నాడు ఇంకోసారి గుడ్డ దింపి చూడండి. (బ్లాక్‌హార్న్ మాత్రం నీళ్లకు లొంగదు, దానికి సాల్వెంట్ కావాలి.)

ఈ నూనెతోనే ఇంకో ఇబ్బంది ఉంది. నిలబెట్టిన తుపాకీలో నూనె మెల్లగా కిందికి దిగి, నిపుల్ కింద మలుపులో చేరుతుంది. అది తుడవకుండా దట్టిస్తే ఎంత మంచి పౌడరైనా పేలదు. పెద్దాయన తుపాకీ ఎన్నేళ్లు అలా నిలబడి ఉందో తెలియదు కాబట్టి, మీ రెండో షాట్ పేలకపోవడంలో దీని పాత్ర కూడా ఉండవచ్చు. దట్టించే ముందు గొట్టాన్ని, నిపుల్‌ను ఆల్కహాల్‌తో తుడవండి. తర్వాత రేంజ్‌లో, తుపాకీ ఖాళీగా ఉందని ర్యామ్‌రాడ్‌తో ఖాయం చేసుకుని, మూతిని నేలమీద గడ్డిపోచ దగ్గరగా పెట్టి ఒక క్యాప్ పేల్చండి. గడ్డి కదిలితే దారి తెరిచి ఉన్నట్టే. కదలకపోతే ఎక్కడో మూసుకుంది, దట్టించవద్దు.

మీ ఆవిడ భయం న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆమెను కూర్చోబెట్టి ఏది ఎక్కడ పెడుతున్నారో చూపించండి. పౌడర్‌ను అది వచ్చిన డబ్బాలోనే ఉంచండి, లేబుల్ చింపవద్దు. వాటర్ హీటర్ దగ్గర, ఎండకు కాగే గ్యారేజీలో, కారులో పెట్టకూడదు. చల్లగా, పొడిగా ఉండేచోట, పాపకు అందనంత ఎత్తులో, తాళం వేసిన చెక్క బీరువా మంచిది. గాలి చొరని గట్టి ఇనుపపెట్టె భద్రం అనిపిస్తుంది గానీ, ఇంట్లో నిప్పు అంటుకుంటే అదే బాంబు అవుతుంది. క్యాప్‌లు వేరే గదిలో, తుపాకీ వేరేచోట తాళంలో ఉండాలి. మీ ఇంటి బీమా, మీ టౌన్‌షిప్ అగ్నిమాపక నిబంధనలు కూడా ఒకసారి చూసుకోండి, పరిమాణం మీద ఆంక్షలు ఉండవచ్చు.

ఇది చదివే హెచ్-1బి మిత్రులకు ఒక్క మాట. తుపాకుల విషయంలో ఫెడరల్ చట్టం మీకు గ్రీన్‌కార్డ్ వాళ్లకన్నా కఠినంగా ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మజిల్‌లోడర్లను ఆ చట్టం చాలావరకు పురాతన ఆయుధాలుగా చూసినా, రాష్ట్రాల లెక్క వేరుగా ఉండవచ్చు. స్నేహితుడి తుపాకీ పట్టుకునే ముందే లాయర్‌ను అడగండి.

ఈ వారాంతంలో పక్కింటికి వెళ్లినప్పుడు పెద్దాయన్ని రెండు అడగండి: ఈ తుపాకీలో ఆయన ఏ పౌడర్ ఎంత కొలత పోసేవారో, నిపుల్ చివరిసారి ఎప్పుడు మార్చారో. పాత నిపుల్ అరిగిపోయి ఉంటే మార్చడమే మంచిది. కొత్తది చవకే, నిపుల్ రెంచ్‌తో పది నిమిషాల్లో బిగించుకోవచ్చు.